దత్తమండలములలోఁ బాళెగాండ్ర స్వామ్యము

బొబ్బిలి, వెంకటగిరి, పిఠాపురము మొదలగు సంస్థానముల చరిత్రముఁ జదివినవారు అనంతపురప్రాంతమున సంచరించినచో, నిచ్చట నట్టి దొరల నగళ్లు నిలిచియుండకుండుటకు నాశ్చర్యపడుదురు. ధర్మవరమునకుఁ జేరువనున్న బత్తలపల్లె పరిసరములు మొదలుకొని గుత్తిసీమవఱకు గల యీ మెట్టభూమిలోఁ బూర్వపు నాయకుల గుర్తులుగాఁ గానవచ్చునవి పడిపోయిన బురుజులు, చెఱువుకట్టలు, ఈనాముభూముల పేరులు మాత్రమే. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనవలసిన దేశమగుటచే సంపద నిలువలేదని కొందఱందురు. అది కొంతవఱకు నిజమే. కాని ముఖ్యకారణము వేఱొకటి కలదు. భూమిపై నాయకునకుఁ గల హక్కు ఎట్టిదో, దానిని రాజ్యాధికారము ఎట్లు నిర్ణయించెనో తెలిసికొన్నఁగాని యీ భేదము బోధపడదు.

పాళెమనఁగా దండు విడిసిన చోటు. ఆ దండునకు నాయకుఁడు పాళెగాఁడు. విజయనగర ప్రభువులు సైన్యమును బోషించుటకై నాయకులకుఁ గొన్ని గ్రామముల రాఁబడి నొసఁగుచుండిరి. దీనికి అమరమనియు నాయంకరమనియుఁ బేళ్లు. ఇచ్చినది రాఁబడియే కాని నేలగాదు. దున్నుకొను హక్కు రైతుది, లెక్కలు కరణమువి, గ్రామపెత్తనము రెడ్డిది. దొంగలనుండి గ్రామములఁ గాపాడినందులకు నాయకుఁడు కావలి రుసుము గైకొనుచుండెను. 1565 నాఁటి రాక్షసతంగడి యుద్ధము పిమ్మట కేంద్రాధికారము సడలఁగా నీ హక్కులే వంశానుగతములై, పలువురు నాయకులు చిన్నరాజులవలె మెలఁగిరి. బలవంతుఁడగు ప్రభువు వచ్చినపుడు పేష్కషు చెల్లించుట, లేనపుడు మానుట వారికి వాడుకయ్యెను.

అనంతపురపు హండెవారి కథ దీనికిఁ దగిన నిదర్శనము. విజయనగర ప్రభువుల కాలముననే ఈ వంశమువారు అనంతపురము, బుక్కరాయసముద్రము మొదలగు తావులఁ బడసిరి. 1757లో గుత్తి మురారిరావు అనంతపురమును ముట్టడింపఁగా 50,000 రూపాయలిచ్చి సంధి చేసికొనిరి. 1776లో గుత్తి హైదరాలీ వశమయ్యెను. టిప్పు కాలమున హండెవారి మగసంతతి యుఱిఁదీయఁబడఁగా, సిద్దప్ప యొక్కఁడు శ్రీరంగపట్టణపుఁ జెఱనుండి తప్పించుకొని వచ్చి, తుదకు మరల అనంతపురము నాక్రమించెను. కాని కుంపిణీవారు రాఁగానే లోఁబడి, భరణము గైకొని సిద్దరామపురమునఁ గాలము గడపెను. తరతరములు నిలిచిన యధికారము ఒక భరణపత్రముతో ముగిసెను.

1800లో నైజాము ఈ సీమలను కుంపిణీకి దత్తము చేసెను. ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రోకుఁ దన మండలమున సుమారు 80 మంది పాళెగాండ్రు కనఁబడిరి. అతఁడు 1802లో వారి హక్కులఁ గూర్చి విపులమగు నివేదికను వ్రాసెను. వారి దండులను జెదరఁగొట్టి, కావలి యధికారమును దీసివైచి, రైతులతోఁ బ్రత్యేకముగాఁ బన్ను నిర్ణయించుకొను రైతువారీ పద్ధతికిఁ బూనుకొనెను. ఆ 1802 సంవత్సరముననే చెన్నపురి ప్రభుత్వము శాశ్వతపైసలా శాసనమును గావించి, ఉత్తర సర్కారుల జమీందారులకు భూస్వామిత్వమును గుర్తించు సనదుల నొసఁగ నారంభించెను. ఒకే యేఁట ఒకే ప్రభుత్వము క్రింద సర్కారులలో రాఁబడి హక్కు భూస్వామ్యమయ్యెను. దత్తమండలములలో నదియే భరణముగాఁ దఱిగిపోయెను. ఒకచోట నగళ్లు నిలుచుటకును, వేఱొకచోటఁ గూలుటకును మూలమిదియే.

భరణముతో నందఱును దృప్తినొందలేదు. నొస్సము పాళెగాఁడగు జయరామిరెడ్డి వంశసంబంధియైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి, తనకు రావలసిన భరణపు భాగము ప్రభుత్వమువారిచే నిలుపఁబడఁగా 1846లోఁ దిరుగుబాటు చేసి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నురిదీయఁబడెను. అతనితోఁ జేరినవారిలోఁ దమ యీనాములను, కావలి హక్కులను గోల్పోయినవారును గలరు. కావున భూమిహక్కు మాటమాత్రము గాదు, ప్రాణములతోఁ గూడిన విషయము.

పోలికకు దూరదేశపు నిదర్శనమొకటి చూడవచ్చును. 1620 మొదలు 1845 వఱకుఁ దరంగంబాడి నేలిన డెన్మార్కు దేశమున దొరలకు మహాగృహములును, వాని చుట్టును సొంత భూములును గలవు. ఆ దేశపు రాజు 1671లోఁ గొందఱకు గొప్ప బిరుదులతోఁ గూడిన సంస్థానముల నేర్పఱచెను. అవి విక్రయింపఁబడరాదు, పంచుకొనరాదు, జ్యేష్ఠునకే చెందవలయును. చెన్నపురి రాజధానిలో 1904 నాఁటి అవిభాజ్య సంస్థానముల చట్టము జమీందారీలకుఁ జేసిన రక్షణయు నిట్టిదే. 1849 నాఁటి డెన్మార్కు రాజ్యాంగము క్రొత్త సంస్థానములను నిషేధించెను. 1919 శాసనము ఉన్నవానిని సాధారణ సొత్తుగా మార్చి, విలువలోఁ గొంత ప్రభుత్వమునకును, భూమిలోఁ గొంత చిన్న రైతులకును జేర్చెను. అయినను నేల మొదటినుండి దొర సొత్తగుటచే, గృహములు పెక్కు నిలిచినవి. 1554 నాఁటి ఎగెస్కోవ్ గృహము అట్టిదే. మన సీమలో దొరకు నేలలేదు. బిరుదు పోఁగానే గోడయుఁ బోయెను.

అయినను మన నాయకులు నిలిపిపోయిన సొత్తు మఱియొకటి కలదు. అది చెఱువు. చెఱువును ద్రవ్వించినవానికి, లేదా బాగుచేయించినవానికి, దాని క్రింది రాఁబడిలోఁ బదియవ వంతు నిచ్చుట దశబంధమనఁబడును. తరువాత నది మాన్యపు భూమిగా మాఱెను. కట్టను గాపాడు పని సాగినంతవఱకే మాన్యము చెల్లునని దాని నిబంధన. హక్కును విధియు నిట్లు ఒకే ముడిలో నుండెను. అనుభవించువాఁడు విధిని మఱచినపుడు గాని, విధిని జేయువానికి హక్కు తీసివేయఁబడినపుడు గాని, కట్ట తెగును, ఊరు ఎండును. వానలేని సీమలో స్వామ్యచరిత్రము నిజముగా నీటి చరిత్రమే.

1948 నాఁటి ఎస్టేటుల రద్దు చట్టముతో సర్కారుల జమీందారీలును ముగిసినవి. అప్పటికి దత్తమండలములఁ బాళెగాండ్ర యధికారము పోయి నూఱేండ్లు దాఁటెను. వారి వృత్తాంతమునకు మనకుఁ గల ముఖ్యాధారములు కల్నల్ మెకంజీ సేకరింపించిన కైఫియత్తులు, శాసనములు, ఈనాము లెక్కలు. కైఫియత్తులలో వంశముల గొప్ప, ఊరి పుట్టుక, మాన్యముల జాబితా కలసియుండును. ఇవి హక్కుల విచారణ జరుగుచున్న దినములలో వ్రాయఁబడినవి గావున, పొగడ్తను బ్రమాణముగాఁ గొనక, శాసనముతోను లెక్కతోను సరిచూచి గ్రహింపవలయును. అమరము, కట్టుబడి, కావలి, దశబంధము అను మాటల యర్థభేదము తెలియనివానికి వీనిలో సగము మాటలు మూఁగవోవును. తమ గ్రామమున నే మాన్యమును ఏ పేరఁ బిలుతురో, ఏ చెఱువు ఎవరి పేరున నున్నదో పాఠశాలల పండితులు వ్రాసి యుంచినచో, శిథిలమైన బురుజులు చెప్పలేని చరిత్రము ఆ పేరులు చెప్పఁగలవు.