కోతబల్ల, ఇస్త్రీబల్ల: బొంతలు కుట్టుగదిలో భౌతికశాస్త్రము

బొంత కుట్టుట మన ఇండ్లలో క్రొత్త విద్య కాదు. పాత నూలుచీరలను నాలుగైదు మడతలుగా నేలపై పరచి, చేతిసూదితో వరుసగా కుట్టుకొనిపోయినచో బొంత తయారగును. దానికి కోతబల్ల అక్కరలేదు. అమెరికాలోను, ఇంగ్లండులోను వేడుకగా కుట్టుకొను అతుకుల బొంత వేరు. అందు చిన్నచిన్న చదరములను, త్రిభుజములను వందలకొలది కోసి, ఒకదానికొకటి అతికి పైపొరను చేయుదురు. దాని క్రింద దూదిపొరను, అడుగుగుడ్డను చేర్చి మూడింటిని కలిపి కుట్టుదురు. ఈ పనికై ఇంటిలో ఒక గదినే కేటాయించుకొనువారు పలువురు కలరు. ఆ గదికి మంచి కుట్టుమిషను కొనవలెనను తొందర అందరికిని ఉండును. కాని బొంత చక్కగా వచ్చుటయు రాకపోవుటయు చాలవరకు రెండు బల్లలపై ఆధారపడి యుండును. ఒకటి గుడ్డను కోయునది, మరియొకటి ఇస్త్రీ చేయునది.

దీనికి కారణము చిన్న లెక్కలో తెలియును. రెండున్నర అంగుళముల చదరములు 12 తీసుకొని వరుసగా కుట్టితిమనుకొందము. ప్రతి ముక్కకు ఇరువైపుల పావేసి అంగుళము కుట్టులోనికి పోవును. కనుక బొంత పూర్తియగునప్పటికి ఒక్కొక్క ముక్క రెండంగుళములు, వరుస మొత్తము 24 అంగుళములు రావలెను. కోయునప్పుడు ప్రతి ముక్కయు అంగుళములో 32వ వంతు తగ్గినదనుకొందము. ఇది 0.8 మిల్లీమీటరు, కంటికి సరిగా ఆనదు. కాని 12 ముక్కలకు చేరి 12/32, అనగా మూడు ఎనిమిదవ వంతుల అంగుళము తగ్గును. ఇది సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. ప్రక్క వరుస సరియైన కొలతతో ఉన్నచో రెండింటి మూలలు కలియవు. అప్పుడు కుట్టు విప్పుట తప్ప మార్గము లేదు. నాలుగు నెలల శ్రమ ఇట్లు చెడిపోవుట బొంతలు కుట్టువారందరికిని తెలిసిన కష్టమే.

కత్తెరతో కోయునప్పుడు దాని క్రింది అలుగు గుడ్డను బల్లపైనుండి కొంచెము ఎత్తును. ఎత్తిన గుడ్డ జరుగును. ఈ లోపమును తొలగించినది చక్రపు కత్తి. జపానుకు చెందిన ఓల్ఫా కంపెనీ దీనిని 1979లో ప్రవేశపెట్టెను. గుండ్రని ఉక్కు అలుగు పిడి చివర తిరుగుచుండును. సాధారణముగా దాని వ్యాసము 45 మిల్లీమీటర్లు. గుడ్డ బల్లపై కదలకుండ పడియుండగనే, దళసరి ప్లాస్టిక్ కొలబద్ద అంచు వెంబడి దీనిని దొర్లించినచో నాలుగైదు పొరలు ఒక్కమారు తెగును.

ఇది తెగుటలోని రహస్యము పీడనము. చేతితో 2 కిలోగ్రాముల బరువంత బలము మోపితిమనుకొందము. అలుగు అంచు మందము 0.01 మిల్లీమీటరు, అది గుడ్డను తాకు నిడివి 5 మిల్లీమీటర్లు అనుకొన్నచో, బలము పడు వైశాల్యము 0.05 చదరపు మిల్లీమీటరు మాత్రమే. అనగా చదరపు సెంటీమీటరునకు 4,000 కిలోగ్రాముల పీడనము! గుడ్డ తెగిన మరుక్షణమే ఈ పీడనమంతయు బల్లపై పడును. బల్ల దానిని ఎట్లు ఎదుర్కొనునో చూచి బల్లను ఎన్నుకొనవలెను.

మన వంటయిండ్లలోని కడపబండ నున్నగా, సమతలముగా ఉండును. అద్దపు బల్లయు అంతే. చూచుటకు కోతకు అనువుగా తోచునవి ఇవే, కాని రెండును పనికిరావు. అవి లొంగవు గనుక అలుగే లొంగవలసివచ్చును. గాజుకన్న ఉక్కు కఠినమైనదే కదా అని విద్యార్థులు అడుగవచ్చును. గట్టిపరచిన ఉక్కు గాజుపై గీతపెట్టగల మాట నిజమే. కాని ఇక్కడ గాజు నెదుర్కొనునది ఉక్కు దిమ్మె కాదు, వెంట్రుకకన్న సన్నని ఉక్కు అంచు. అది వంగును, లేదా అక్కడక్కడ విరుగును. అంచు మొద్దుబారినకొలది చేయి ఎక్కువ బలము పెట్టును. ఎక్కువ బలము పెట్టినకొలది కత్తి ప్రక్కకు జారును. వ్రేళ్ళు తెగుట ఎక్కువగా ఇట్లే జరుగును. పదునైన కత్తికన్న మొద్దుకత్తియే ప్రమాదకరమను మాటకు అర్థము ఇదియే.

చెక్కబల్ల లొంగును, నిజమే. కాని లొంగినచోట గాడి మిగులును. తరువాతి కోతలో అలుగు మన గీతను వదలి ఆ పాత గాడిలోనికి దిగును.

కనుక కావలసినది లొంగి, తిరిగి మూసికొను పదార్థము. కోతకు వాడు చాపలను ఇట్టి గుణము గల పాలివినైల్ క్లోరైడుతో చేయుదురు. వీటిలో సాధారణముగా పైన, క్రింద మెత్తని పొరలు, నడుమ గట్టిపొర ఉండును. మెత్తని పొరలో అలుగు దిగినప్పుడు పదార్థము తెగి ఊడిపోదు, ఇరువైపులకు ఒత్తిగిల్లును. అలుగు పైకి రాగానే స్థితిస్థాపకత వలన మరల దగ్గరకు చేరును. నడుమనున్న గట్టిపొర అలుగును ఇంకను లోతునకు పోనీయదు. “తనంతట తానే మానునది” అని అంగళ్ళలో దీనిని పొగడుదురు. ఆ పొగడ్త కొంత అతిశయోక్తి. చీలిక మానదు, మూసికొనును. అంతే. ఒకేచోట వందలమారులు కోసినను, కత్తిని మెలిత్రిప్పినను అది తెరచుకొనియే యుండును. నూలు నార ఆ చీలికలలో చిక్కుకొన్నచో మూసికొనుటయు మానును. అప్పుడప్పుడు గోరువెచ్చని నీటితో, మెత్తని బ్రష్షుతో కడిగి నారను తీసివేయవలెను. వేడినీరు మాత్రము కూడదు.

వేడి దీనికి పరమశత్రువు. పాలివినైల్ క్లోరైడు సుమారు 80 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మెత్తబడును. దానిని మృదువుగా చేయుటకు కలుపు ద్రవ్యముల వలన ఈ ఉష్ణోగ్రత ఇంకను తగ్గును. వేసవిలో ఎండపడు గోడకు చాపను ఆనించి నిలిపినచో తన బరువుకే వంగిపోవును. వేడి కాఫీ గ్లాసు పెట్టినను ఉబ్బు రావచ్చును. ఒకమారు వంగిన చాపను సరిచేయుట దాదాపు అసాధ్యము. కనుక దానిని ఎల్లప్పుడును సమతలమైన ప్లైవుడ్ బల్లపై పూర్తిగా పరచియే ఉంచవలెను. బల్ల ఎత్తు నిలుచున్నవారి మోచేతికి కొంచెము దిగువగా ఉండుట మంచిది. అప్పుడు కత్తిపై శరీరపు బరువు పడును, భుజము నొవ్వదు.

ఇక ఇస్త్రీబల్ల సంగతి. నూలుపోగు సెల్యులోజు అణువుల పొడవైన గొలుసులతో ఏర్పడినది. ఈ గొలుసులను హైడ్రోజను బంధములు ఒకదానితో ఒకటి పట్టియుంచును. గుడ్డ నలిగినప్పుడు గొలుసులు జరిగి, ఆ వంగిన స్థితిలోనే క్రొత్త బంధములు ఏర్పడును. మనము చూచు ముడుత అదియే. తేమ లోనికి పోయి ఈ బంధములను సడలించును, వేడి అణువులను కదలించును, బరువు గుడ్డను చదునుచేయును. తేమ ఆరినప్పుడు చదునైన స్థితిలో మరల బంధములు ఏర్పడును. అనగా ఇస్త్రీ పూర్తియగుట గుడ్డ ఆరుటతోనే. తడిగా, వేడిగా ఉన్న ముక్కను పైకెత్తినచో అది సాగిన రూపమే స్థిరపడును. త్రిభుజముల విషయములో ఈ జాగ్రత్త మరింత అవసరము. వాటి అంచు పడుగునకు గాని పేకకు గాని సమాంతరముగా ఉండక ఐమూలగా ఉండును. ఆ దిశలో నేత సులభముగా సాగును. కనుక అతుకుల పనిలో ఇస్త్రీపెట్టెను ఈడ్వరాదు. ఎత్తి, మోపి, మరల ఎత్తవలెను.

దీనినిబట్టి ఇస్త్రీబల్ల ఆవిరిని పోనీయవలెను, వేడిని హరింపరాదు, గుడ్డను కదలనీయరాదు. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారునప్పుడు సుమారు 540 కేలరీల వేడి గుడ్డకు ఇచ్చును. ఇది మేలే. కాని ఆ నీరు మరల బయటకు పోవలెను కదా. అల్యూమినియపు పూత గల బల్లముసుగులు వేడిని పైకి ప్రతిఫలింపజేసి రెండువైపుల ఇస్త్రీ చేయునని అమ్ముదురు. గుడ్డ ముసుగును అంటియే యుండునప్పుడు వేడి ముఖ్యముగా వహనము వలన సాగును. వికిరణమునకు అక్కడ గొప్ప పాత్ర లేదు. పైగా లోహపు పూత ఆవిరికి దారి ఇయ్యదు. అతుకుల పనికి నేను దానిని ఎన్నుకొనను.

ఉన్ని సంగతి వేరు. సాధారణ ఆర్ద్రతలో నూలు తన బరువులో సుమారు 8 శాతము తేమను పట్టియుంచగా, ఉన్ని దాదాపు 16 శాతము పట్టియుంచును. ఉన్ని మంచి ఉష్ణబంధకము కూడ. కడపబండ ఉన్నికంటె ముప్పై రెట్లకు పైగా వేడిని పోనిచ్చును. గుడ్డలోని వేడిని క్షణములో లాగికొనును. అందుకే ఒత్తుగా అణచిన ఉన్ని దిండ్లు నేడు అక్కడి కుట్టుగదులలో ప్రచారము పొందినవి. మన వీధులలో ఇస్త్రీబండి పైన కంబళి మడత వేసి, దానిపై నూలుదుప్పటి పరచుటలోని సూత్రమును ఇదియే. ఆ బొగ్గుల పెట్టె బరువును కూడ గమనింపవలెను. 5 కిలోల పెట్టె 250 చదరపు సెంటీమీటర్లపై నిలిచిన, సెంటీమీటరునకు 20 గ్రాములు పడును. ఒకటిన్నర కిలో విద్యుత్ పెట్టె 200 చదరపు సెంటీమీటర్లపై ఏడున్నర గ్రాములే మోపును. తక్కిన పని ఆవిరి చేయవలెను.

అయితే మెత్తదనము మితిమీరరాదు. దళసరి పరుపుపై కుట్టు లోనికి క్రుంగి, మడత గుండ్రబడును. ఆ గుండ్రదనములో కొలత కొంత పోవును. ఒట్టి చెక్కపైన కుట్టు మందము గుడ్డ ముఖముపై మెరుపుగీతగా ముద్రపడును. గట్టి చెక్కపై ఒకే కంబళి, దానిపై గంజి లేని నూలుగుడ్డ బిగించుట సరియైన మధ్యమార్గము.

కోతచాపకు రెండవవైపున ఇస్త్రీ మెత్త అతికిన పలకలు కూడ దొరకును. ప్రయాణములో పనికివచ్చును గాని, గదిలో రెండు బల్లలును వేరుగానే ఉండవలెను. ఇస్త్రీపెట్టె తీగ కోతబల్ల మీదుగా పోరాదు. చక్రపు కత్తి గుడ్డను కోసినంత సులభముగా తీగ పైతొడుగును కోయును. మూడు ముల్లుల ప్లగ్గు, భూమితీగ తప్పనిసరి.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చూపవచ్చును. ఒకే కొలత గల నూలుముక్కలు రెండు తీసుకొని, తూచి, సమానముగా తడుపవలెను. ఒకదానిని అల్యూమినియపు రేకు పరచిన చెక్కపైన, రెండవదానిని కంబళిపైన ముప్పై సెకనులు ఇస్త్రీచేసి మరల తూచవలెను. కంబళిని కూడ ముందు, వెనుక తూచిననే, ఎంత నీరు ఆవిరియైనదో, ఎంత ఉన్నిలోనికి పోయినదో తేలును. ప్రయోగమును మూడుమారులు చేసి, మొదటి కొలతను విడిచిపెట్టుట మేలు. అప్పటికి బల్ల ఇంకను చల్లగా ఉండును.