తెర పెద్దదైతే... బాణం మాయం!

ఇంట్లో చిన్న టీవీ పోయి పెద్దది వస్తే పండగే. బొమ్మ పెద్దదవుతుంది, అంతే. కంప్యూటర్ సంగతి అలా కాదు. గోడంత తెర ముందు కూర్చుని మౌస్ కదిపి చూడండి... బాణం గుర్తు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే!

అమెరికాలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు జార్జ్ రాబర్ట్‌సన్, మేరీ చెర్విన్‌స్కీ బృందం ఇలాంటి తిప్పలన్నింటినీ 2005లో ఓ వ్యాసంలో ఏకరువు పెట్టింది. బాణం తప్పిపోతుంది. ఈ మూలనున్న ఫైలును ఆ మూలనున్న చెత్తబుట్టలో వేయాలంటే చెయ్యి నొప్పి పుట్టేదాకా లాగాలి. రెండు మూడు తెరలు పక్కపక్కన పెడితే మధ్యలోని అంచులు బొమ్మను ముక్కలు చేస్తాయి.

ఎందుకిలా?

పెద్ద తెరను దాటాలంటే మౌస్ వేగం పెంచాలి. తెర మాత్రం సాధారణంగా సెకనుకు 60 సార్లే బొమ్మను గీస్తుంది. దాంతో బాణం గెంతుతూ వెళ్లినట్టుంటుంది, కంటికి చిక్కదు. బృందంలోని పాట్రిక్ బౌడిష్ 2003లో దీనికో ఉపాయం చూపించారు. గెంతుకూ గెంతుకూ మధ్య ఖాళీల్లో మరిన్ని బాణాలు గీస్తే చూపు దాని వెంటే పోతుంది! అదే ఏడాది ఇంకో చిట్కా కూడా... ఫైలును కాస్త లాగితే చాలు, చెత్తబుట్టే చేతి దగ్గరికి వచ్చేస్తుంది.

లోపం ఎవరిది?

'ఆడవాళ్లకు దారులు గుర్తుండవు' అని ఎగతాళి చేస్తుంటారు కదా! 2002లో చెర్విన్‌స్కీ, డెస్నీ టాన్, రాబర్ట్‌సన్ ఆ సంగతీ పరీక్షించారు. కంప్యూటర్‌లో సృష్టించిన త్రీడీ లోకంలో ఆడవాళ్లనూ మగవాళ్లనూ దారి వెతకమన్నారు. మామూలు తెర మీద మగవాళ్లదే పైచేయి. తెర పెద్దదై, అందులో కనిపించే దృశ్యమూ విశాలమైతే ఇద్దరూ మెరుగయ్యారు, తేడా బాగా తగ్గింది. అంటే ఆ తేడాకు ఇరుకు తెర కూడా ఓ కారణమన్నమాట!

అందుకే, ఈసారి బాణం కనిపించకపోతే మీ కళ్లను తిట్టుకోకండి. విండోస్‌లో మౌస్ సెట్టింగుల్లోకి వెళ్లి ఓ చిన్న గడిలో టిక్కు పెట్టుకుంటే, కంట్రోల్ మీట నొక్కగానే బాణం చుట్టూ వలయాలు వస్తాయి. యాపిల్ మ్యాక్‌లో 2015 నుంచి మరీ సులువు. మౌస్‌ను గబగబా అటూ ఇటూ ఊపండి... బాణం ఉబ్బి 'ఇక్కడున్నా' అంటుంది!