బ్యాడ్జీ పెట్టుకుంటే భద్రత రాదు

ఏటా మార్చి 4వ తేదీ వస్తే కర్మాగారాల గేట్ల వద్ద జెండా ఎగురుతుంది. అధికారులు, కార్మికులు చొక్కాకు బ్యాడ్జీ పెట్టుకుని భద్రతా ప్రతిజ్ఞ చేస్తారు. 1966లో అదే తేదీన కేంద్ర కార్మిక శాఖ జాతీయ భద్రతా మండలిని నెలకొల్పింది. ప్రభుత్వం, యాజమాన్యాలు, కార్మిక సంఘాలు కలసి కూర్చుని, చట్టం బలవంతం లేకుండానే ప్రమాదాలు తగ్గించాలన్నది దాని ఉద్దేశం.

కానీ ప్రతిజ్ఞ చదివినంత మాత్రాన ప్రమాదం ఆగదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్.వెంకటాపురంలో నిద్రిస్తున్న జనం మీదికి స్టైరీన్ ఆవిరి వచ్చిపడింది. 12 మంది చనిపోయారు. సైరను మోగించలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఒక ఔషధ కర్మాగారంలో పేలుడుకు 17 మంది బలయ్యారు.

1984 భోపాల్ దుర్ఘటన దరిమిలా 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర కర్మాగారాల్లో భద్రతా కమిటీ ఉండాలన్నారు. అందులో యాజమాన్యం వారెందరో కార్మికులూ అందరే. ముప్పు కనిపిస్తే మేనేజరుతో పాటు ఇన్‌స్పెక్టరుకూ తెలియజేసే హక్కు కార్మికునికి ఇచ్చారు. చుట్టుపక్కల ఊళ్లవారికి ప్రమాదం సంగతి ముందే చెప్పాలన్నారు.

సహకారం మంచిదే. అయితే అది తనిఖీకి బదులు కారాదు. కమిటీలో కార్మికుడు జంకు లేకుండా నోరు విప్పగలగాలి. సైరను మోగితే ఎటు వెళ్లాలో ఊళ్లో పిల్లవాడికి కూడా తెలిసి ఉండాలి. అప్పుడే మార్చి 4 ప్రతిజ్ఞకు అర్థం.