దత్తత బిడ్డకు తల్లిపాలు పట్టాలంటే పంపింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

కనకపోయినా బిడ్డకు పాలివ్వవచ్చు. రోజూ క్రమం తప్పకుండా రొమ్ములను పిండుతూ పోతే, గర్భం దాల్చని మహిళకూ పాలు పడే అవకాశం ఉంది. అయితే దత్తత కోసం ఎదురుచూసేవారికి అసలు చిక్కు వేరు. బిడ్డ ఏ రోజు ఇంటికి వస్తుందో తెలియనప్పుడు పంపింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలి? బుక్కరాయసముద్రంలో ఉన్నా, అనంతపురం టౌన్‌లో ఉన్నా దీనికి సగం జవాబు డాక్టరు దగ్గర ఉంటే, మిగతా సగం దత్తత నిబంధనల్లో ఉంది.

కనకుండా పాలు ఎలా పడతాయి?

పాలను తయారు చేయించేది ప్రొలాక్టిన్, బయటికి వదిలేది ఆక్సిటోసిన్. ఈ రెండు హార్మోన్లూ మెదడు దగ్గరి పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తాయి. బిడ్డ చప్పరించినా, పంపు లాగినా, చేత్తో పిండినా ఈ గ్రంథికి సంకేతం అందుతుంది. రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ పాలు పెరుగుతాయి. గతంలో పాలిచ్చిన తల్లికి ఇది కొంత తేలిక. ఎప్పుడూ గర్భం రానివారికి ఎక్కువ సమయం పట్టవచ్చు. ఇలా వచ్చే పాలలో కాన్పు తర్వాత తొలి రోజుల్లో వచ్చే ముర్రుపాలు మాత్రం ఉండవు.

'కారా' ద్వారా దత్తతైతే ఎంత సమయం దొరుకుతుంది?

కేంద్ర దత్తత సంస్థ 'కారా' పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నాక పసిబిడ్డ కోసం ఏళ్ల తరబడి ఆగాల్సి రావచ్చు. అన్నాళ్లూ పంపింగ్ చేయడం ఎవరివల్లా కాదు, అవసరమూ లేదు. 2022 దత్తత నిబంధనల ప్రకారం వంతు వచ్చి బిడ్డ వివరాలు చూపించాక 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి. ఆ తర్వాత 30 రోజుల్లోగా సంస్థకు వెళ్లి బిడ్డను చూసి అంగీకారం తెలపాలి. అంగీకరించిన 10 రోజుల్లోగా బిడ్డను దత్తతకు ముందు సంరక్షణ కింద మీకు అప్పగిస్తారు. కలెక్టర్ ఉత్తర్వు ఆ తర్వాత వస్తుంది.

అంటే రిజర్వ్ చేసుకున్న రోజు నుంచి గరిష్ఠంగా 40 రోజుల గడువు. పంపింగ్ మొదలుపెట్టాల్సింది అప్పుడే. డాక్టరు సలహా, పంపు కొనడం లాంటి పనులు మాత్రం వంతు దగ్గర పడుతుండగానే ముగించుకోండి.

బిడ్డను అప్పగించిన కన్నవారికి మనసు మార్చుకోవడానికి చట్టం 2 నెలలు ఇస్తుంది. అందువల్ల మీ చేతికి వచ్చేసరికి బిడ్డకు సాధారణంగా 2 నెలలు దాటి, పోతపాలు అలవాటై ఉంటాయి. రొమ్ము పట్టడానికి రోజులు పట్టవచ్చు. బిడ్డను ఒంటికి ఆనించి పడుకోబెట్టుకోవడం, రొమ్ము పక్కన సన్నని గొట్టం పెట్టి పాలు అందించడం ఉపయోగపడతాయి.

చెల్లెలి బిడ్డనో, మరిది బిడ్డనో తీసుకుంటుంటే?

ఇక్కడ కాన్పు తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి కొన్ని నెలల ముందు నుంచే సిద్ధపడవచ్చు. హిందూ దత్తత చట్టం, 1956 కింద కన్న తల్లిదండ్రులిద్దరి సమ్మతి ఉండాలి, బిడ్డను ఇచ్చి పుచ్చుకోవడం జరగాలి. దత్తత పత్రం రిజిస్టర్ చేయించుకుంటే రేపు ఇబ్బంది ఉండదు. మొదటి రోజుల్లో కన్నతల్లి చేత ముర్రుపాలు పట్టించడం బిడ్డకు మేలు.

బంధువులు కాని ఎవరైనా 'ఆసుపత్రి నుంచి నేరుగా పసికందును ఇప్పిస్తాం, ఇంత ఇవ్వండి' అంటే ఒప్పుకోవద్దు. పిల్లల్ని అమ్మినా, కొన్నా బాలల న్యాయ చట్టం కింద 5 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా ఉంటాయి.

రోజుకు ఎన్నిసార్లు పిండాలి?

- మొదట్లో రెండు మూడు రోజులు కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి, తర్వాత 3 గంటలకోసారి, రోజుకు సుమారు 8 సార్లకు పెంచాలి. అందులో ఒకటి రాత్రిపూట ఉండాలి.
- ఒక్కోసారి 15-20 నిమిషాలు చాలు. రెండు రొమ్ములకూ ఒకేసారి పెట్టే ఎలక్ట్రిక్ పంపు సమయం కలిసొచ్చేలా చేస్తుంది. కరెంటు పోతే చేత్తో పిండటం తెలిసుండాలి.
- వారాలపాటు చుక్కలే రావచ్చు. దాంతో ఆపేయక్కర్లేదు.
- పిండిన పాలను వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట 4 గంటలు నిలవుంటాయనే లెక్క 25 డిగ్రీల లోపు గదికే. మన ఎండాకాలానికి అది పనికిరాదు. ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు ఉంచవచ్చు.

మందులు వాడొచ్చా?

కొందరు డాక్టర్లు కొన్ని నెలలపాటు గర్భనిరోధక మాత్రలు, డోంపెరిడోన్ ఇచ్చి, బిడ్డ రావడానికి వారాల ముందు ఆ గర్భనిరోధక మాత్రలు ఆపించి పంపింగ్ చేయిస్తారు. డోంపెరిడోన్ వాంతుల మందు. గుండె లయ తప్పే ప్రమాదం ఉందని, పాల కోసం వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో హెచ్చరించింది. గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. వయసు 35 దాటినా, బీపీ ఉన్నా మరింత జాగ్రత్త అవసరం. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని మింగవద్దు. మెంతులు, వెల్లుల్లి, శతావరి పాలు పెంచుతాయనడానికి గట్టి ఆధారాలు లేవు.

ఆ పాలు బిడ్డకు సరిపోతాయా?

చాలామందికి పూర్తిగా సరిపోవు. 5 కిలోల బిడ్డకు రోజుకు సుమారు 750 మిల్లీలీటర్లు కావాలి. ఎన్ని వస్తే అన్ని పట్టి, మిగతాది డబ్బా పాలతో భర్తీ చేయాలి. మీకు పాలు పడుతున్నాయన్న ధీమాతో డబ్బా పాలు ఒక్కసారిగా ఆపేస్తే బిడ్డ ఎండిపోతుంది. రోజుకు 6 సార్లైనా మూత్రం పోస్తోందా, బరువు పెరుగుతోందా చూసుకోండి. అంగన్‌వాడీలో తూకం వేయించవచ్చు.

జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. డబ్బా పాలకు ఫ్లోరైడ్ లేని శుద్ధి చేసిన నీటినే మరిగించి వాడాలి. పొడి పొదుపు చేయడానికి నీళ్లు ఎక్కువ పోయకూడదు. సీసా కంటే ఉగ్గుగిన్నె శుభ్రం చేయడం తేలిక.

హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 'ధాత్రి' పాల బ్యాంకు ఉంది. కానీ ఇలాంటి బ్యాంకుల్లో నెలలు నిండని, జబ్బుపడిన శిశువులకే ముందు ప్రాధాన్యం. తల్లిపాలను వ్యాపారంగా అమ్మడం చెల్లదని ఆహార భద్రతా సంస్థ 2024 మేలో స్పష్టం చేసింది. ఆన్‌లైన్‌లో కొనవద్దు.

సెలవు దొరుకుతుందా?

దత్తత తీసుకున్న మహిళా ఉద్యోగులకు రాష్ట్ర ప్రభుత్వం 2022 మార్చిలో 180 రోజుల వరకు సెలవు ప్రకటించింది. ప్రైవేటు ఉద్యోగులకు 2017 సవరణ 12 వారాల వేతన సెలవు ఇచ్చింది కానీ బిడ్డ వయసు 3 నెలల లోపు ఉండాలంది. బిడ్డ చేతికి వచ్చేసరికే ఆ గడువు దాదాపు దాటిపోతుంది. ఈ పరిమితిని సుప్రీంకోర్టులో సవాలు చేశారు కాబట్టి, దరఖాస్తుకు ముందు తాజా నిబంధనను కార్మిక శాఖ కార్యాలయంలో కనుక్కోండి.

ఎవరిని కలవాలి?

- దత్తత వివరాలకు: అనంతపురంలోని జిల్లా బాలల సంరక్షణ విభాగం, శిశు గృహ.
- మందులు, హార్మోన్ల విషయంలో: ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి గైనకాలజీ, పిల్లల విభాగాలు.
- పాలు పట్టించే పద్ధతికి: మీ ఏఎన్ఎం, ఆశా కార్యకర్త. 2016లో మొదలైన 'మా' కార్యక్రమం కింద తల్లిపాలపై సలహా చెప్పడం వారి విధుల్లో భాగం. దత్తత తల్లినని చెప్పి అడగండి.
- పిల్లల అమ్మకం అనుమానం వస్తే: 1098.