కెర్నెల్ మార్చేముందు ఏమేమి సిద్ధం చేసుకోవాలి?

కంప్యూటరు చదువుతున్న విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "సార్, కొత్త కెర్నెల్ వచ్చిందంట, ఎక్కించమంటారా వద్దా?" అవుననో కాదనో చెప్పి తప్పించుకోవచ్చు. కాని నా లెక్కన అది సగం ప్రశ్నే. కొత్త కెర్నెల్‌తో కలిసి పనిచెయ్యడానికి మన మిషన్లో ఇప్పుడున్న సరంజామా చాలుతుందా అన్నది మిగతా సగం. ఈ రెండో సగం అడగనందువల్లనే చాలా మిషన్లు మర్నాడు పొద్దున లేవకుండా పడుకుంటాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ సరంజామా గురించి. లైనక్స్ కెర్నెల్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. దాని అవసరాలన్నీ బహిరంగంగా రాసిపెట్టి వున్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు.

కెర్నెల్ అంటే ఏమిటి?

మన హాలియా పిల్లలకు దీన్ని చెప్పడం తేలిక. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలినప్పటి నుంచి ఎడమకాలువను చూస్తూ బతుకుతున్నవాళ్ళం. డ్యాం దగ్గర హెడ్ రెగ్యులేటరు, అక్కణ్ణుంచి ప్రధాన కాలువ, ఆ తర్వాత మేజరు, మైనరు, చివరకు పొలానికి తూము. ఏ రైతూ పోయి రిజర్వాయరులో చెయ్యి పెట్టడు. తన తూముకు రావలసిన నీళ్ళు తూముకొస్తే చాలు.

కంప్యూటర్లోనూ ఇదే ఏర్పాటు. మెమరీ, డిస్కు, ప్రాసెసరు, నెట్‌వర్కు కార్డు – ఇవి రిజర్వాయరులోని నీళ్ళు. మనం వాడే ప్రోగ్రాములు ఆయకట్టు రైతులు. ఎవరికి ఎంత, ఎప్పుడు, ఎంతసేపు అని పంచేది కెర్నెల్. ప్రోగ్రాముకు ఫైలు తెరవాలన్నా, తెరమీద అక్షరం చూపాలన్నా కెర్నెల్‌నే అడగాలి. ఆ అడిగే పద్ధతికి సిస్టం కాల్ అని పేరు.

లైనక్స్ కెర్నెల్‌ను మొదలుపెట్టింది కూడా ఒక విద్యార్థే. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ తోర్వాల్డ్స్ దాన్ని లోకానికి ప్రకటించాడు. 1994లో 1.0 వెర్షను వచ్చింది. ఈనాడు దాని మూలగ్రంథం మూడు కోట్ల పంక్తులు దాటింది. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో నడుస్తున్నది ఈ కెర్నెలే. తొమ్మిది పది వారాలకొకసారి కొత్త వెర్షను వస్తూనే వుంటుంది.

మార్చకుంటే ఏమవుతుంది?

"నడుస్తున్న మిషన్ను కదిలించడమెందుకు?" అంటారు కొందరు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాని ఒక సంగతి వినండి. 2016 అక్టోబరులో డర్టీ కౌ అనే లోపం బయటపడింది. 2007 నాటి 2.6.22 వెర్షను నుంచి అది కెర్నెల్లో దాక్కునే వుంది. దాన్ని వాడుకుని, మామూలు లాగిన్ వున్న ఏ మనిషైనా మొత్తం మిషన్‌కు యజమాని కావచ్చు. అరవై మంది పిల్లలు వంతులవారీగా కూర్చునే కాలేజీ ల్యాబులో ఇది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. ఒకరి రికార్డు మరొకరు చెరిపెయ్యవచ్చు, మార్కుల ఫైలు మార్చవచ్చు. లోపానికి మందు కొత్త కెర్నెల్ తోనే వచ్చింది. కాబట్టి మార్చక తప్పదు. ఎట్లా మార్చాలన్నదే ఆలోచించవలసింది.

ఎవరు మారాలి, ఎవరు మారనక్కరలేదు?

హెడ్ రెగ్యులేటరుకు పాత గేట్లు తీసి కొత్త గేట్లు బిగించారనుకుందాం. రైతు తన తూము మార్చుకోవాల్నా? అక్కరలేదు. కాలువలో నీటిమట్టం మాట ప్రకారం నిలబడితే చాలు. కాని ఆ గేటును తిప్పే లష్కరు చేతిలోని హ్యాండిలు మాత్రం కొత్త గేటుకు సరిపడాలి. సరిపడకపోతే గేటు కొత్తదైనా నీళ్ళు రావు.

లైనక్స్‌లో ఈ భేదం స్పష్టంగా పాటిస్తారు. మామూలు ప్రోగ్రాములు రైతుల వంటివి. నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాము కొత్త కెర్నెల్ మీద ఆగిపోకూడదన్నది తోర్వాల్డ్స్ పట్టుదలగా నిలబెట్టిన నియమం. అందుకే ఏళ్ళ కిందటి ప్రోగ్రాము ఈనాటి కెర్నెల్ మీద నడవడం మామూలు విషయం.

లష్కరు హ్యాండిలు వంటివి వేరే వున్నాయి. డ్రైవర్లను కెర్నెల్లోకి ఎక్కించే పనిముట్లు, డిస్కు తప్పులు సరిచేసే పనిముట్లు, కెర్నెల్ లెక్కలు చదివి చూపించేవి – ఇవి కెర్నెల్ లోపలి భాగాలతో నేరుగా వ్యవహరిస్తాయి. వీటి వెర్షను తప్పకుండా చూసుకోవాలి. మూడో జాతి ఒకటున్నది: కెర్నెల్‌ను మూలగ్రంథం నుంచి తయారుచేసే కంపైలరు మొదలైనవి. గేటును పోతపోసే వర్క్‌షాపు సామానన్నమాట.

అవసరాల పట్టిక

కెర్నెల్ మూలగ్రంథంతో పాటే 'చేంజెస్' అనే పత్రం వస్తుంది. అందులో ఒక పట్టిక. మొదటి గడిలో పనిముట్టు పేరు, రెండో గడిలో కనీసం ఏ వెర్షను వుండాలి, మూడో గడిలో మన మిషన్లో వున్న వెర్షను తెలుసుకోవడానికి ఏ ఆజ్ఞ ఇవ్వాలి. ఇంతే. పచారీ చీటీ లాంటిది. కాని ఈ చీటీ చదివితే కెర్నెల్ చరిత్ర సగం తెలుస్తుంది.

ముందుగా కంపైలరు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కెర్నెల్‌కు జీసీసీ 2.95.3 వుంటే చాలింది. 2021లో వచ్చిన 5.15 వెర్షను జీసీసీ 5.1 అడిగింది. 2025 జులైలో వచ్చిన 6.16 కనీసం జీసీసీ 8.1, బిన్‌యుటిల్స్ 2.30 వుండాలంటున్నది. దీని అర్థమేమిటో చూద్దాం. ల్యాబులో ఉబుంటు 18.04 వున్న మిషన్ తీసుకోండి. అందులో బిన్‌యుటిల్స్ 2.30 వుంది, అంచు మీద సరిపోయింది. జీసీసీ మాత్రం 7వ వరుసది. కాబట్టి 6.16 కెర్నెల్‌ను అందులో ఉన్నది ఉన్నట్టు తయారుచెయ్యడం కుదరదు. ముందు కంపైలరును పెంచాలి, తర్వాతే కెర్నెల్.

ఎందుకిట్లా పెంచుకుంటూ పోతారని మీకు అనుమానం రావచ్చు. పాత కంపైలర్ల లోపాలకు సర్దుబాట్లు రాస్తూ పోతే కెర్నెల్ నిండా అతుకులే మిగులుతాయి. 2022లో వచ్చిన 5.18 వెర్షనులో కెర్నెల్ భాషనే సీ89 నుంచి సీ11 ప్రమాణానికి మార్చారు. పాత కంపైలర్లను వదిలినందువల్లనే అది సాధ్యమైంది.

కొన్ని పనిముట్లు హఠాత్తుగా చీటీలోకి చేరతాయి. 2018లో 4.16 వెర్షను నుంచి ఫ్లెక్స్, బైసన్ తప్పనిసరి అయినాయి. అంతకుముందు వాటితో తయారైన ఫైళ్ళను ముందే జతచేసి ఇచ్చేవారు. ఆనాటి నుంచి తయారీ సమయంలోనే పుట్టించుకుంటున్నారు. కంపైలర్ డిజైన్ పేపరు చదివే విద్యార్థులకు లెక్స్, యాక్ అని పాఠాల్లో వచ్చేవి వీటి పెద్దన్నలే. పరీక్ష కోసం చదివింది పనిలో ఎదురవడమంటే ఇదే!

కొన్ని మాత్రం ఏళ్ళ తరబడి కదలవు. యుటిల్-లైనక్స్ అనే మూట 2.10ఓ వెర్షను వుంటే చాలని 2.6 నాటి చీటీలోనూ వుంది, 6 వరుస కెర్నెళ్ళ చీటీలోనూ వుంది. కొత్తదంతా మంచిదనో, అన్నీ కొత్తవే కావాలనో అనుకోనక్కరలేదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలె?

2.4 నుంచి 2.6కు మారిన కాలం

చీటీ చదవకపోతే ఏమవుతుందో తెలియాలంటే ఈ కథ తెలుసుకోవాలి. డ్రైవర్లు విడివిడి మాడ్యూళ్ళుగా వుంటాయి, అవసరమైనప్పుడు కెర్నెల్లోకి ఎక్కుతాయి. 2.4 కాలంలో మాడ్యూలును కెర్నెల్‌తో కుట్టే పని బయటి పనిముట్టు చేసేది; దాని పేరు మాడ్‌యుటిల్స్. 2.6లో ఆ కుట్టుపనిని కెర్నెల్ లోపలికే తీసుకున్నారు. మాడ్యూళ్ళ ఫైలు పేరు చివర '.ఓ' పోయి '.కేఓ' వచ్చింది. పాత పనిముట్టు ఇక పనికిరాలేదు. దాని స్థానంలో రస్టీ రస్సెల్ రాసిన మాడ్యూల్-ఇనిట్-టూల్స్ అవసరమైంది.

చీటీలో ఆ పేరు స్పష్టంగా వుంది. అయినా చూడకుండా కెర్నెల్ ఒక్కటే మార్చినవారి మిషన్లలో విచిత్రం జరిగింది. కెర్నెల్ లేచింది, కాని ఒక్క మాడ్యూలూ ఎక్కలేదు. నెట్‌వర్కు లేదు, సౌండు లేదు, కొన్నిచోట్ల డిస్కు కూడా కనబడలేదు. కెర్నెల్లో తప్పేమీ లేదు. గేటు కొత్తది, హ్యాండిలు పాతది. అంతే సంగతి. మాడ్యూల్-ఇనిట్-టూల్స్ స్థానంలో ఇప్పుడు కేమాడ్ పనిచేస్తున్నది.

తలకిందుల షరతు

ఇప్పటిదాకా కెర్నెల్ పెట్టే షరతులు చూశాం. పైనున్న సాఫ్ట్‌వేరు కూడా కెర్నెల్‌కు షరతు పెడుతుంది. దాదాపు ప్రతి ప్రోగ్రాముకూ ఆధారమైన సీ లైబ్రరీ జీలిబ్‌సీ. 2017లో వచ్చిన దాని 2.26 వెర్షను కనీసం 3.2 కెర్నెల్ వుండాలన్నది. అంతకంటే పాత కెర్నెల్ మీద ఆ లైబ్రరీతో వచ్చిన ప్రోగ్రాము నడపబోతే "కెర్నెల్ మరీ పాతది" అని చెప్పి ఆగిపోతుంది. కెర్నెల్ మార్చకుండా పైవన్నీ మారుస్తూ పోవడమూ కుదరదని దీని తాత్పర్యం.

తయారైన కెర్నెల్ తెచ్చుకునేవారికి

మనలో చాలామంది కెర్నెల్‌ను స్వయంగా కంపైలు చెయ్యరు. డెబియన్, ఉబుంటు వంటి పంపిణీలవారు తయారుచేసి పెట్టిన మూటనే దించుకుంటారు. ఈ పద్ధతిలో కంపైలరు బాధ వుండదు; కావలసిన పనిముట్లను మూటే అడిగి తెచ్చుకుంటుంది. అయినా నాలుగు సంగతులు మన చేతిలోనే వున్నాయి.

ఒకటి: బూట్ విభాగంలో జాగా. విడి బూట్ విభాగం చిన్నదిగా పెట్టుకున్న మిషన్లలో పాత కెర్నెళ్ళు పేరుకుపోయి అది నిండిపోతుంది, కొత్తది సగంలో ఆగుతుంది. ముందే చూసి, బాగా పాతవి తీసెయ్యాలి. కాని ఇప్పుడు నడుస్తున్నదాన్ని మాత్రం ఎన్నడూ తియ్యవద్దు. కొత్తది లేవకపోతే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకుని బయటపడవచ్చు.

రెండు: కెర్నెల్‌తో కలిసి రాని డ్రైవర్లు. బజారులో చవకగా దొరికే కొన్ని యూఎస్‌బీ వైఫై ముక్కలకు, ఎన్‌విడియా కార్డులకు, వర్చువల్‌బాక్స్‌కు డ్రైవరు విడిగా ఎక్కిస్తాం. పైన చెప్పిన నియమం ప్రోగ్రాములకే గాని డ్రైవర్లకు వర్తించదు; కెర్నెల్ లోపలి ఏర్పాట్లు ఎప్పుడైనా మారవచ్చు. కాబట్టి ప్రతి కొత్త కెర్నెల్‌కూ వాటిని మళ్ళీ తయారుచెయ్యాలి. డీకేఎంఎస్ ఆ పని తనంతట తానే చేస్తుంది గాని, దానికి కొత్త కెర్నెల్ హెడర్లు, కంపైలరు మిషన్లో వుండాలి. వైఫై పోయిన తర్వాత హెడర్లు దించుకుందామంటే దేనిమీద దించుకుంటారు?

మూడు: సెక్యూర్ బూట్. అది పనిచేస్తున్న మిషన్లో సంతకం లేని కెర్నెల్‌ను, మాడ్యూలును లోపలికి రానివ్వరు. సొంతంగా తయారుచేసినవాటికి సొంత సంతకం, దాని తాళంచెవి నమోదు కావాలె.

నాలుగు: కరెంటు. కెర్నెల్‌తో పాటు ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ అనే ప్రారంభ మూటను డిస్కు మీద రాస్తారు. ఆ నడుమ కరెంటు పోతే మూట పాడవుతుంది. యూపీఎస్ బ్యాటరీ బాగున్న మిషన్ దగ్గరే ఈ పని పెట్టుకోవడం మేలు.

పాత మిషన్ల సంగతి

2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే చిప్పు కావాలంటారు. అది లేని మిషన్ ఎంత బాగా పనిచేస్తున్నా అధికారికంగా అర్హత లేనట్టే. ఇక్కడ షరతు హార్డ్‌వేరు మీద వుంది. తీర్చాలంటే డబ్బు కావాలి. లైనక్స్ చీటీలోని షరతులు ఎక్కువభాగం సాఫ్ట్‌వేరు మీదనే. తీర్చాలంటే ఓపిక, నెట్ కనెక్షను కావాలి. పల్లె కాలేజీలకు ఈ తేడా చిన్నది కాదు. అట్లాగని హద్దు లేదని కాదు. 2013లో వచ్చిన 3.8 వెర్షను పాత 386 ప్రాసెసర్లను వదిలింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, 32 బిట్ల ఇంటెల్ మిషన్లకు కెర్నెల్ ఇవ్వడం మానింది. మీ ల్యాబు మిషన్ 64 బిట్లదో కాదో ముందు చూడండి. అయితే దానికింకా ఆయుష్షు వున్నట్టే.

తెలుగు గురించీ ఒక మాట. మన దగ్గర స్వేచ్ఛ సంస్థవారు డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టం తయారుచేశారు. కెర్నెల్ మారిస్తే తెలుగు పోతుందేమోనని కొందరి భయం. ఒత్తులు, గుణింతాలు పేర్చే పని కెర్నెల్‌ది కాదు. దానిపైన వుండే ఫాంట్లు, హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీలది. ఉత్త నల్లతెర కన్సోలు తెలుగును పేర్చలేకపోవడానికి కారణమూ ఇదే. కాబట్టి కెర్నెల్ మార్చినంత మాత్రాన తెలుగుకు ఢోకా లేదు.

విద్యార్థి మిత్రులకు నా సూచన ఒక్కటే. ప్రతి ల్యాబులోనూ ఒక రిజిస్టరు పెట్టండి. మిషన్ నంబరు, నడుస్తున్న కెర్నెల్, జీసీసీ, కేమాడ్ వెర్షన్లు, బూట్ విభాగంలో మిగిలిన జాగా, విడిగా ఎక్కించిన డ్రైవర్లు – ఇవి రాయండి. కొత్త కెర్నెల్ వచ్చిననాడు చీటీని, రిజిస్టరును పక్కపక్కన పెట్టి చూడండి. ముందు ఒక్క మిషన్ మీద చెయ్యండి. వారం రోజులు నడిచాక మిగతావి. యూనియన్ మారినా, బ్యాచ్ మారినా ఆ రిజిస్టరు ల్యాబులో వుంటుంది. తర్వాత వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మీరు అప్పగించగలిగిన మంచి ఆస్తి అది.