సరకు మనదేనా? నిర్ధారించేదెవరు?

న్యూఢిల్లీ: ఐఐటీ పొరుగున ఉన్న జియా సరాయ్ పోటీ పరీక్షల పుస్తకాలకు, శిక్షణ కేంద్రాలకు, అద్దె గదులకు పేరుపడ్డ ప్రాంతం. అక్కడి విద్యార్థి ఒక కంప్యూటర్ కొనుక్కోవాలంటే ధర, నాణ్యత చూసుకుంటే చాలు. అదే యంత్రాన్ని ఐఐటీ ప్రజాధనంతో కొనాలంటే మరో రెండు ప్రశ్నలకు జవాబు రాబట్టాలి. ఆ వస్తువు ఏ దేశంలో తయారైంది? దాని విలువలో స్వదేశీ వాటా ఎంత?

ఈ ప్రశ్నలకు మూలం కేంద్ర ప్రభుత్వం 2017 జూన్ 15న జారీ చేసిన ఉత్తర్వు. ప్రభుత్వ కొనుగోళ్లలో దేశీయ ఉత్పత్తులకు ప్రాధాన్యం ఇవ్వడం దీని ఉద్దేశం. 2020లో సరఫరాదారులను మూడు తరగతులుగా విభజించారు. స్వదేశీ విలువ 50 శాతం, ఆపైన ఉంటే ఒకటో తరగతి. 20 నుంచి 50 శాతంలోపు ఉంటే రెండో తరగతి. 20 శాతానికి తగ్గితే స్థానికేతరులు. రూ.200 కోట్ల లోపు కొనుగోళ్లలో ప్రత్యేకానుమతితో గ్లోబల్ టెండరు పిలిస్తే తప్ప మూడో వర్గానికి ప్రవేశం లేదు.

ఒకటో తరగతికి దక్కే ప్రయోజనం చిన్నదేమీ కాదు. అతి తక్కువ ధర రూ.లక్షగా మరొకరు కోట్ చేశారనుకుందాం. రూ.1.20 లక్షల వరకు కోట్ చేసిన ఒకటో తరగతి సరఫరాదారుకు ఆ లక్ష ధరకే సరకు ఇచ్చే అవకాశం కల్పిస్తారు. ధర తగ్గించుకుంటే ఆర్డరు, లేదా అందులో వాటా అతనిదే.

అసలు చిక్కు లెక్క కట్టడంలో ఉంది. పన్నులు పోను రూ.లక్ష విలువైన యంత్రంలో దిగుమతి చేసుకున్న భాగాలు రూ.44 వేలు, వాటిపై కస్టమ్స్ సుంకం రూ.8 వేలు అనుకుందాం. నిబంధన ప్రకారం సుంకం కూడా విదేశీ ఖాతాలోకే వెళుతుంది. కనుక స్వదేశీ వాటా 48 శాతం, రెండో తరగతి. సుంకాన్ని లెక్కలో వదిలేస్తే అది 56 శాతమై ఒకటో తరగతిగా కనిపిస్తుంది. రవాణా, బీమా, యంత్రం బిగింపు, శిక్షణ ఖర్చులను స్వదేశీ విలువగా చూపరాదని 2021 మార్చిలో స్పష్టం చేశారు. దిగుమతి అయిన భాగాన్ని స్థానిక డీలరు వద్ద రూపాయల్లో కొన్నంత మాత్రాన అది స్వదేశీ కాబోదని, విదేశీ వస్తువుకు పేరు మార్చి అమ్మినా అంతేనని 2024 జులై సవరణ తేల్చింది.

ఈ లెక్కను ధ్రువీకరించేది ప్రధానంగా సరఫరాదారే. టెండరులో శాతాన్ని, విలువ జోడింపు జరిగిన చోటును తానే ప్రకటించాలి. కొనుగోలు రూ.10 కోట్లు దాటితేనే ఆడిటర్ లేదా అకౌంటెంట్ ధ్రువపత్రం తప్పనిసరి. ఎగుమతి సరకుకు ఛాంబర్లు, ఎగుమతి మండళ్లు మూలదేశ పత్రం ఇస్తాయి. ఇక్కడ చిన్న కొనుగోళ్లకు ఆ మధ్యవర్తి లేడు. తన పెరుగు పులుపని ఎవరూ చెప్పుకోరు. అబద్ధమని తేలితే రెండేళ్ల వరకు నిషేధం విధించవచ్చు. నిపుణుల సంఘాలతో యాదృచ్ఛికంగా తనిఖీ చేయించవచ్చు. అయితే ఆ తనిఖీ తప్పక జరగాలన్న నిర్బంధం ఉత్తర్వులో లేదు. ప్రభుత్వ ఆన్‌లైన్ అంగడి 'జెమ్'లో మూలదేశం నమోదును 2020 జూన్‌లో తప్పనిసరి చేసినా, అక్కడా విక్రేత మాటే ఆధారం.

స్వదేశీ కొనుగోలు మనకే పరిమితమైన విధానం కాదు. అమెరికా 1933లోనే ఇటువంటి చట్టం చేసింది. అక్కడి స్వదేశీ విడిభాగాల పరిమితి 2024లో 65 శాతానికి చేరింది, 2029లో 75 శాతం కానుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ కొనుగోళ్ల ఒప్పందంలో భారత్ 2010 నుంచి పరిశీలక హోదాకే పరిమితమైంది. అయినా ఈ స్వేచ్ఛకు హద్దు ఉంది. స్వదేశీ సౌర ఘటాలే వాడాలన్న షరతుపై 2016లో ఆ సంస్థ అప్పీలు మండలి భారత్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ప్రభుత్వం కొన్నది విద్యుత్తును. ఘటాలను కాదన్నది దాని తర్కం.

నిబంధన బిగిసినప్పుడు నలిగేది పరిశోధకుడే. దేశంలో తయారుకాని సున్నితమైన పరికరం కోసం అనుమతుల చుట్టూ తిరిగేసరికి పరిశోధక విద్యార్థి విలువైన కాలం గడిచిపోతుంది. 2025 జూన్‌లో కేంద్రం పరిశోధన అవసరాలకు రూ.200 కోట్ల వరకు గ్లోబల్ టెండర్లను అనుమతించే అధికారాన్ని సంస్థల డైరెక్టర్లకు, వైస్ ఛాన్సలర్లకు అప్పగించింది.

ఇది అవసరమైన సడలింపే. కానీ మరో పక్క సమస్య మిగిలే ఉంది. నిజంగా ఇక్కడే అచ్చులు పోసి, కార్మికులకు జీతాలిచ్చి యంత్రం తయారుచేసే చిన్న పారిశ్రామికుడు, పెట్టెపై చీటీ మార్చిన వ్యాపారితో ఒకే వరుసలో నిలబడవలసి వస్తున్నది. రూ.10 కోట్ల లోపు ప్రకటనల్లో కొన్నింటినైనా ఏటా తప్పనిసరిగా తనిఖీ చేసి, ఫలితాలను బహిరంగపరిస్తేనే ఆ వరుసలో న్యాయం ఉంటుంది.