పంట మునిగితే డబ్బు ఎవరిస్తారు?

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 వానలు మన చిలుకూరు, కోదాడ వైపు ఎవరూ మర్చిపోరు. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది, నీళ్లన్నీ పొలాల మీదికొచ్చాయి.

ప్రభుత్వం ఎకరానికి 10,000 రూపాయలు ప్రకటించింది. దున్నకం, నాట్లు, ఎరువులు, కూలీలు లెక్కేస్తే అది ఏ మూలకొస్తుంది చెప్పండి? పైగా అది సాయం. ఎంతిస్తారు, ఎప్పుడిస్తారు అన్నది వాళ్ల చేతిలో పని. బీమా అలా కాదు. ముందే ప్రీమియం కట్టి, రిస్క్‌ని కంపెనీ నెత్తిన పెడతాం. ఇంత జరిగితే ఇంత ఇవ్వాలని కాగితం మీదే ఉంటుంది. అడుక్కునే పని లేదు.

మరి ఆ కాగితం మనకుందా? 2016లో వచ్చిన ఫసల్ బీమాలో వానాకాలం వరికి రైతు కట్టేది బీమా మొత్తంలో 2 శాతమే, మిగతాది ప్రభుత్వాలు కడతాయి. తెలంగాణ 2020లో అందులోంచి బయటికొచ్చేసింది. వరద వచ్చిన సీజన్‌లోనూ ఇక్కడ అది అమలు కాలేదు.

"రైతు బీమా ఉంది కదన్నా" అంటారు. ఉంది. 2018 నుంచి ఎల్ఐసీ ద్వారా, 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంట్లోవాళ్లకి 5 లక్షలు. మంచి స్కీమే. కానీ అది ప్రాణానికి, పంటకు కాదు. అదీ పట్టా ఉన్నోళ్లకే. కౌలుకు చేసేవాళ్లు అందులో లేరు.

ఇంకో దారి కూడా ఉంది. అది మన పాలమూరులోనే మొదలైంది. 2003లో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి, ప్రపంచ బ్యాంకు సాయంతో, వేరుశనగ, ఆముదం రైతులకి వాన లెక్కన బీమా ఇచ్చాయి. దేశంలో ఇలాంటిది అదే మొదటిది. కోడింగ్ తెలిసినోళ్లకి ఈజీ: ఒక ఇఫ్ కండిషన్, అంతే. వాన కొలత ఇంతకంటే తగ్గితే డబ్బు పడుతుంది. పొలానికొచ్చి నష్టం అంచనా వేసేవాళ్లు అక్కర్లేదు, నెలల తరబడి తిరగక్కర్లేదు.

ఇందులో బగ్ కూడా ఉంది. కొలిచే కేంద్రం దగ్గర వాన పడి మీ చేలో పడకపోతే, చేను ఎండినా రూపాయి రాదు. మనకైతే ఇంకా కష్టం. అధిక వానకి బీమా తీసుకున్నారనుకోండి, మన దగ్గర చిన్న వానే పడినా ఎగువ నీళ్లకి కాలువ తెగొచ్చు. మీటర్ కొలిచేది వానని, పొలాన్ని ముంచేది కాలువ.

అందుకే రేపు ఎవరైనా పాలసీ పట్టుకుని ఊళ్లోకొస్తే, ప్రీమియం ఎంత అని తర్వాత అడగండి. ముందు ఏం కొలుస్తారు, ఏ ఊళ్లో కొలుస్తారు, కాలువ గండి అందులో ఉందా, కౌలు రైతు పేరు మీద రాస్తారా... ఇవి అడిగి, జవాబు కాగితం మీద చూపించమనండి.